స్పిరిట్‌తో తుడిచినందుకే జిగురు వదలడం లేదు: ఫైబర్ బోటు మీద పొంగిన సీలెంట్ తియ్యడం గురించి

తమ్ముడూ, నీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మిగతావాళ్ళకి కూడా అర్థం కావాలి కాబట్టి ముందు సంగతేమిటో చెప్పేస్తాను. భావనపాడులో మీ నాన్నగారి ఫైబర్ బోటుకి ముక్కు దగ్గర రెండు స్టీలు క్లీట్లు (తాడు కట్టే కొమ్ములు), ఒక నావిగేషన్ లైటు కొత్తగా బిగించావు. కింద నీళ్ళు దిగకుండా నల్ల పాలీయూరిథేన్ సీలెంట్, అంటే సందు మూసే రబ్బరు జిగురు, వాడావు. బోల్టులు బిగించేసరికి చుట్టూ పొంగుకొచ్చింది. గుడ్డతో తుడిస్తే తెల్ల జెల్‌కోట్ (ఫైబర్ పైన ఉండే నున్నటి పొర) మీద జానెడు మేర నల్లగా పులుముకుపోయింది. ఇంట్లో ఉన్న సర్జికల్ స్పిరిట్‌ పోసి గట్టిగా రుద్దావు. మరక సగం పోయింది కానీ, నాలుగో రోజుకి కూడా క్లీటు అంచున వేలు పెడితే జిగురు అంటుతోంది. ట్యూబు నకిలీదా, మరక ఎలా పోతుంది, ఏ రకం ఎంచుకోవాలి, ఇదీ నువ్వు అడిగింది.

ట్యూబుని అనుమానించకు. ఇది స్పిరిట్ చేసిన పని.

పాలీయూరిథేన్ సీలెంట్ ఆరడం అంటే రంగు ఆరడం లాంటిది కాదు. అందులో ఐసోసయనేట్ అనే పదార్థం ఉంటుంది. అది గాలిలో తేమను పట్టుకుని, ఒకదానికొకటి అల్లుకుంటూ పోయి రబ్బరవుతుంది. ఆల్కహాల్ తగిలిందనుకో, తేమ పట్టాల్సిన చోట్లన్నీ ఆల్కహాలే పట్టేస్తుంది, అల్లిక అక్కడితో ఆగిపోతుంది. వల అల్లుతుంటే ఎవరో పక్కన కూర్చుని ముడి పడకముందే ప్రతి దారమూ కోసేస్తున్నట్టు. ఆ పొర ఇక వారమైనా నెలైనా జిగురుగానే ఉంటుంది. సర్జికల్ స్పిరిట్ ఒక్కటే కాదు, కరోనా రోజుల నుంచి ప్రతి ఇంట్లో ఉన్న శానిటైజర్ కూడా ఇదే పని చేస్తుంది. రంగుల కొట్లో అమ్మే థిన్నర్లలో కూడా చాలావాటిలో ఆల్కహాల్ కలిసి ఉంటుంది. పచ్చి పాలీయూరిథేన్ దగ్గరికి ఇవేవీ రాకూడదు. పచ్చిగా ఉన్నప్పుడు దాన్ని తుడవడానికి మినరల్ టర్పెంటైన్ వాడాలి. రంగుల కొట్లో ఎంటీఓ అని అడిగితే ఇస్తారు.

ఇప్పుడు నీ క్లీట్ల సంగతి. సీలెంట్ బయట నుంచి లోపలికి గట్టిపడుతుంది. రోజుకి రెండు మూడు మిల్లీమీటర్లు, అంతే. అంటే మామూలుగా అయితే నాలుగో రోజుకి పై తోలు గట్టిగా ఉండి, క్లీటు కింద నడిమధ్యన ఇంకా మెత్తగా ఉండాలి. నీకు తోలే కట్టలేదు. ఆల్కహాల్ ఎంత లోతుకి దిగిందన్నదే తేలాలి. దానికో పద్ధతి ఉంది. ఒక వెదురు బద్ద తీసుకుని కొసని ఉలిలా చెక్కు. దాంతో అంచు చుట్టూ జిగురుగా ఉన్నదంతా రెండు మూడు మిల్లీమీటర్ల లోతు వరకు గోకి తీసెయ్. లోపలి కొత్త ముఖం గాలికి తెరుచుకుంటుంది. దాన్ని ఏమీ ముట్టుకోకుండా ఒక రాత్రి వదిలెయ్. తెల్లారి వేలు ఆనిస్తే అంటకుండా తోలు కట్టిందా, లోపల మంచిదే. ఆ గాడిలో కొత్త సీలెంట్ నింపుకుంటే చాలు. అప్పటికీ జిగురుగానే ఉందా, మారుమాట లేదు, క్లీటు విప్పి మళ్ళీ పెట్టు. అది తాడు లాగుడు మొయ్యాల్సిన చోటు. అనుమానం ఉంటే విప్పడమే నయం. లైటుకి లాగుడేమీ ఉండదు గాని వైరు వెళ్ళే కన్నం ఉంటుంది, దాన్ని మాత్రం ఎలాగూ విప్పి చూడు.

మరక గురించి నువ్వంత కంగారు పడక్కర్లేదు. జెల్‌కోట్ మీద మిగిలిన నల్లటి పొరని ముందు ఎంటీఓ గుడ్డతో తుడువు. ఎంటీఓ తడి ఆరనిచ్చి, పోనిదాన్ని కార్లకి వాడే రబ్బింగ్ కాంపౌండ్‌తో మెత్తగా రుద్దు, పోతుంది. ఎమరీ పేపరు మాత్రం పట్టకు. జెల్‌కోట్ మందం సుమారు అర మిల్లీమీటరు ఉంటుంది, అంతే. గరుకు పేపరుతో పది నిమిషాలు రుద్దితే కింద గ్లాసు మ్యాట్ పోగులు బయటపడతాయి. అప్పుడు నీకున్నది మరక కాదు, నీళ్ళు దిగే దారి.

ఇక అసలు చెప్పాలనుకున్నది. పొంగిన సీలెంట్‌ని శుభ్రం చెయ్యడం అన్నది ట్యూబు మూత తియ్యక ముందే అయిపోవాల్సిన పని. తరవాత గుడ్డ పట్టుకుని చేసేదంతా దిద్దుబాటే. ఈ మాట నాకు ఎవరో చెప్తే తెలియలేదు, ఒక పడవ పాడుచేసుకుని తెలుసుకున్నాను.

నేను ఈ పనిలోకి వచ్చిన రెండో ఏడు. బుడగట్లపాలెంలో ఒకాయన పడవకి ముందు భాగంలో నాలుగు ఫిట్టింగులు పెట్టాను. పని అద్దంలా ఉండాలని, బోల్టులు బిగువుగా బిగించి, పొంగినదంతా బొటనవేలితో అంచులోకి నొక్కి లాగి, థిన్నర్ గుడ్డతో చుట్టూ తుడిచాను. చూసినవాళ్ళందరూ మెచ్చుకున్నారు. ఎక్కడా నల్ల గీత కూడా కనబడలేదు. ఒక సీజను గడిచింది. ఆ పడవని ఒడ్డుకి తోసేటప్పుడు మునుపటి మనుషులు చాలడం లేదని కబురొచ్చింది. మన తీరంలో జెట్టీలు తక్కువ, పడవని అల దాటించి ఇసక మీదకి లాక్కోవాల్సిందే కదా. బరువు పెరిగితే మొదట తెలిసేది భుజాలకే. వెళ్ళి, ముందు గదికి అడుగున చిన్న కన్నం వేశాను. డ్రిల్లు బిట్టు వెనక్కి లాగగానే వేలి లావు ధార, పసుపు రంగు నీళ్ళు, కుళ్ళు వాసన. గది నిండా థర్మోకోల్, నానిపోయి ముద్దలా ఉంది. తేలడానికి పెట్టినదే ముంచే బరువైంది. ఫిట్టింగులు విప్పి చూస్తే, రెండింటి కింద అంచు పొడుగునా సీలెంటే లేదు. బిగింపుకి కొంత, నా బొటనవేలికి కొంత, థిన్నర్‌కి మిగతాది పోయింది. పక్కనే నిలబడ్డ పెద్ద మేస్త్రి ఒకే మాటన్నాడు: "సీలెంటు కనబడాల్రా బాబూ. కనబడకపోతే నేదనే లెక్క."

అప్పట్నుంచి నా లెక్క ఇదే. ఫిట్టింగు చుట్టూ సన్నగా, తెగకుండా, దారంలా సీలెంట్ గీత కనబడాలి. దానికి బయట ఉన్నది మాత్రమే చెత్త. ఆ గీతని ముట్టుకోకూడదు.

ఎలా చెయ్యాలో మీ క్లీటునే పెట్టుకుని చెప్తాను. కన్నాలు వేసేటప్పుడు డ్రిల్లుని ముందు ఎదురు తిప్పి జెల్‌కోట్ దాటించు, పెచ్చు లేవదు. కన్నం పడ్డాక అంతకన్నా లావు బిట్టుని చేత్తో తిప్పి పైన చిన్న గిన్నెలా పల్లం చెయ్యి. ఆ పల్లంలో నిలిచిన సీలెంట్ బోల్టు మెడకి రబ్బరు ఉంగరంలా పనిచేస్తుంది, ఎంత బిగించినా పూర్తిగా బయటికి పోదు. నీళ్ళు ఆపేది ప్రధానంగా ఆ ఉంగరమే. క్లీటు అడుగు, డెక్కు రెండూ ఎసిటోన్ తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరనివ్వు. పాత మైనం, చేపనూనె, ఉప్పు ఏది ఉన్నా సీలెంట్ పట్టదు.

తరవాత సీలెంట్ లేకుండా క్లీటుని ఉత్తినే పెట్టి, బోల్టులు దూర్చి, పెన్సిల్‌తో చుట్టూ గీత గియ్యి. గీతకి బయట ఒకటి రెండు మిల్లీమీటర్లు వదిలి మాస్కింగ్ టేపు చుట్టూ అంటించు. రెండు వరసలు వెయ్యి, నాలుగు వేళ్ళ వెడల్పు రావాలి. మూలల్లో టేపు ముక్కలు ఒకదాని మీద ఒకటి ఎక్కాలి. టేపుకి పెద్దగా డబ్బు ఖర్చయ్యేదేం లేదు, ఇక్కడ పిసినారితనం వద్దు. లోపలి అంచుని గోరుతో గట్టిగా నొక్కు. నొక్కని చోటే సీలెంట్ కిందకి పాకుతుంది. క్లీటు పక్కలకి కూడా టేపు వెయ్యి. స్టీలు మీద ఎండిన సీలెంట్ తియ్యడం ఫైబర్ మీద తియ్యడం కన్నా విసుగు. టేపు కొయ్యడానికి బ్లేడు వాడితే మాత్రం చెయ్యి తేలిగ్గా ఉండాలి, కింద జెల్‌కోట్ మీద గీత పడిందంటే ఆ గీత వెంటే పగులు రావచ్చు. ఇంకో సంగతి, ఖాకీ రంగు చవక టేపుని మన ఎండలో మధ్యాహ్నం దాకా వదిలితే జిగురు డెక్కుకి అతుక్కుని ఉండిపోతుంది.

పని వేళ గురించి చెప్పకపోతే ఇదంతా దండగ. వేట నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. మన పడవల మరమ్మతులన్నీ అప్పుడే. అంటే ఎండలు మండిపోయే కాలంలో, ఉక్కపోతలో. వేడి, తేమ రెండూ ఉంటే ఈ సీలెంట్ తొందరగా తోలు కట్టేస్తుంది. ట్యూబు మీద రాసిన సమయం చల్లటి గది లెక్క. గంట అని ఉంటే మన ఇసక మీద అరగంటే అనుకో. పైగా మధ్యాహ్నానికి సముద్రపు గాలి లేస్తుంది, ఇసక రేగుతుంది. పచ్చి సీలెంట్ మీద ఇసక పడ్డాక ఏం తుడిచినా గరుకు కాగితంతో రుద్దినట్టే. నేను మంచు తడి ఆరిపోయాక ఎనిమిదింటికి మొదలుపెట్టి, పదింటికల్లా టేపు పీకేస్తాను. పైన టార్పాలిన్ కట్టుకుంటాను. ఒకసారికి ఒక్క ఫిట్టింగే. నువ్వు రెండు క్లీట్లూ లైటూ ఒకేసారి మొదలుపెట్టి ఉంటావు. మూడోదానికి వచ్చేసరికి మొదటిది తోలు కట్టేసి ఉంటుంది, అందుకే గుడ్డకి అంత పులిమింది.

సీలెంట్‌ని బోల్టు కన్నాల చుట్టూ ఒక్కో ఉంగరంలా, మళ్ళీ వాటన్నిటినీ చుట్టి అంచుకి కాస్త లోపలగా ఒక గీతలా పెట్టు. పాము మెలికల్లా అడ్డదిడ్డంగా పెడితే మధ్యలో గాలి ఉండిపోతుంది. బోల్టు తల కింద కొంచెం రాయి. ఇద్దరుండాలి. పైన ఉన్నవాళ్ళు బోల్టు తల కదలకుండా పట్టుకోవాలి, కింద ఉన్నవాళ్ళు నట్టు తిప్పాలి. బోల్టు తిప్పితే మెడ చుట్టూ కట్టిన ఉంగరం చెదిరిపోతుంది. చుట్టూ సమంగా, గడ్డిపరక లావున సీలెంట్ బయటికి రాగానే ఆపు. ఎక్కడైనా రాలేదంటే అక్కడ ఖాళీ ఉన్నట్టే, విప్పి ఇంకాస్త పెట్టు. కొందరు సగమే బిగించి, ఆరాక మిగతాది బిగిస్తారు. అంతగా అంటుకోని, రబ్బరు పొరలా పనిచేసే రకాలకి అది మంచిదే. పాలీయూరిథేన్ లాంటి గట్టి జిగురుకి నేను అలా చెయ్యను, అంటుకున్నాక కదిపితే పట్టు తెగొచ్చు. ఒకేసారి, మితంగా బిగిస్తాను. డెక్కు కింద వైపు, నట్టుల దగ్గర, సీలెంట్ పెట్టను. పైన కారితే కింద చుక్క కనబడాలి. రెండు వైపులా మూసేస్తే నీళ్ళు లోపలే ఉండి, డెక్కు ఫైబర్ పొరల మధ్య చెక్క ఉంటే దాన్ని కుళ్ళబెడతాయి, మనకి తెలియదు.

ఇప్పుడు తియ్యడం. ఐస్‌క్రీం పుల్లని నలభై ఐదు డిగ్రీలు వాలుగా పట్టుకుని, క్లీటు అంచుకి ఆనించి, ఒక్క ఊపులో ఒక వైపు పొడుగునా లాగు. పొంగినది పుల్ల మీదకి పోగవుతుంది, అంచున చిన్న వాలు మిగులుతుంది. పుల్లని వెంటనే కాగితానికి తుడిచి, ఇంకో వైపు. వెనక్కి ముందుకీ రుద్దకు. అందినవాటిలో నాకు ఐస్‌క్రీం పుల్ల కన్నా బాగా కుదిరింది లేదు. పాత సిమ్ కార్డు కూడా పనికొస్తుంది, కానీ ఒంపుల దగ్గర నిలవదు. నాలుగు వైపులూ అయ్యాక, ఆలస్యం లేకుండా, టేపు తీసెయ్యాలి. పై వరస ముందు. టేపు కొసని పట్టుకుని దాని మీదకే మడిచి, క్లీటుకి దూరంగా, నెమ్మదిగా లాగు. పచ్చిగా ఉంటే సూదితో గీసినంత తిన్నటి గీత మిగులుతుంది. తోలు కట్టాక లాగితే సీలెంట్ జంతికల పిండిలా సాగి, తెగి, తీగలు తీగలుగా పడుతుంది. లాగిన టేపుని చేతిలో ఉంచుకోకు. కింద ముందే పరిచిన పాత పేపరులోకి పడెయ్. ఈ జిగురు చేతి నుంచి సుత్తికి, సుత్తి నుంచి లుంగీకి, లుంగీ నుంచి పడవంతా పాకుతుంది.

అక్కడక్కడా చుక్కలు పడే ఉంటాయి. పాత నూలు లుంగీని అరచేతంత ముక్కలు ముప్పై కోసుకుని ముందే పక్కన పెట్టుకో. ముందు పొడి గుడ్డతో చుక్కని ఎత్తెయ్, తరవాతే ఎంటీఓ తడి గుడ్డ. గుడ్డ తడవాలి గాని కారకూడదు, కారితే క్లీటు కిందకి దిగుతుంది. బయట నుంచి మరక మధ్యకి తుడువు, లోపల నుంచి బయటికి కాదు. ఒక ముఖంతో ఒక్కసారే, మడిచి ఇంకో ముఖం, అదీ అయిపోతే పడెయ్. నీ జానెడు నల్ల మరక వచ్చింది ఒకే గుడ్డతో పదిసార్లు తుడవడం వల్ల కూడా.

చాలామంది కిరసనాయిలు, పెట్రోలు వాడతారు. కిరసనాయిలు జిడ్డు వదుల్తుంది, దాని మీద తరవాత రెసిన్ (ఫైబర్ అతుకులకి వాడే ద్రవం) కూడా పట్టదు. పెట్రోలు మాట ఎత్తకండి. ఇంజను, బ్యాటరీ, బీడీ, అన్నీ అడుగు దూరంలో ఉండే చోట అది. ఎసిటోన్ కూడా సులువుగా అంటుకునేదే, నీడలో, గాలి ఆడే చోట, కొంచెం కొంచెం వాడు. అది ప్లాస్టిక్‌కి తగలకూడదు. నీ నావిగేషన్ లైటు అద్దం పాలీకార్బొనేట్ అయ్యుంటుంది. ఎసిటోన్ గాని థిన్నర్ గాని తగిలితే సాలెగూడులా సన్నటి పగుళ్ళొస్తాయి. రాత్రి ఎదుటి బోటుకి నీ వెలుగు మసకగా కనబడుతుంది. లైటు మొత్తాన్ని ముందే టేపుతో మూసేసి పెట్టుకో. లైటుతో పాటు రబ్బరు గాస్కెట్ ఇచ్చి ఉంటే సీలెంట్ మానేసి దాన్నే వాడు. లేదా బ్యూటైల్ టేపు, అంటే మెత్తటి రబ్బరు బంక పట్టీ, పెట్టు. అది ఆరేది కాదు, రెండు మూడు రోజులు కొంచెం కొంచెంగా బయటికి వస్తూనే ఉంటుంది. అప్పుడు ప్లాస్టిక్ ముక్కతో కోసి, ఉండచేసి పడెయ్యడమే. నీటి మట్టానికి కిందా, పెట్రోలు తగిలే చోటా మాత్రం బ్యూటైల్ వద్దు.

పచ్చిగా ఉండగా టేపు తియ్యలేకపోయావనుకో, ఇక ఆ రోజు ముట్టుకోకు. సగం ఆరిన సీలెంట్‌ని కెలికితే పులమడం తప్ప ఇంకేం ఉండదు. పూర్తిగా గట్టిపడనిచ్చి, కొత్త బ్లేడుని దాదాపు పడుకోబెట్టి, అంచు వెంట ఒకే కోత కొయ్యి. తోలు లేచినట్టు పట్టీలా వస్తుంది. మిగిలిన పలచటి పొరని బొటనవేలితో దొర్లిస్తే ఉండలవుతుంది, వెదురు బద్దతో గోకు. ఒకసారి గట్టిపడ్డ పాలీయూరిథేన్ ఎంటీఓకి గాని ఎసిటోన్‌కి గాని కరగదు, ఊరికే ఆయిలు దండగ.

సిలికాన్ గురించి ఒక మాట. బాత్రూమ్‌కి వాడేది, పులిసిన వాసన వచ్చేది, చవకగా దొరుకుతుందని పడవకి పెట్టేస్తున్నారు. ఆ వాసన ఎసిటిక్ ఆమ్లానిది, అది రాగి వైర్లని, ఇత్తడిని తింటుంది. అంతకన్నా పెద్ద నష్టం, తుడిచేసిన చోట కూడా కంటికి కనబడని పొర ఉండిపోతుంది. దాని మీద జెల్‌కోట్ పట్టదు, రంగు పట్టదు, రేపు మరమ్మతుకి రెసిన్ పట్టదు. ద్రావకంతో రుద్దితే ఆ పొర ఇంకాస్త దూరం పాకుతుంది. నీళ్ళు చల్లితే చుక్కలు చుక్కలుగా జారిపోయే చోటల్లా అది ఉన్నట్టే. గోకి, సన్న నీటి పేపరుతో పైపైన తీసుకోవడం తప్ప దారి లేదు. ఫైబర్ పడవ జీవితమంతా అతుకులతోనే గడుస్తుంది, రెసిన్ పట్టని చోటు దానికి పెట్టకండి.

రకం ఎంచుకోవడం గురించి కూడా అడిగావు. త్రీఎం 5200 లాంటి పాలీయూరిథేన్ సీలెంట్లు శాశ్వతంగా అంటించడానికి. పూర్తిగా ఆరడానికి ఐదు నుంచి ఏడు రోజులు, తరవాత విప్పాలంటే జెల్‌కోట్‌తో సహా ఊడొస్తుంది. క్లీట్లు ఎప్పటికైనా మార్చేవే, వాటికి సికాఫ్లెక్స్ 291 లాంటి మెరైన్ రకం చాలు. పాలీసల్ఫైడ్ అనే ఇంకో రకం సీలెంట్ చెక్కకి మంచిది, కొన్ని ప్లాస్టిక్‌లని పెళుసు చేస్తుంది, లైటు దగ్గర వద్దు.

పాత ఫిట్టింగు విప్పాల్సొస్తే ఉలి పెట్టి తన్నకు. బోల్టులు తీసేసి, రెండు పోగుల సన్న స్టీలు తీగని పురిపెట్టి, రెండు కొసలకీ చెక్కముక్కలు కట్టి, కింద రంపంలా ఇటూ అటూ లాగు. తీగ లేకపోతే లావు తంగూసు కూడా కొంత దూరం కోస్తుంది గాని రాపిడి వేడికి తెగుతూ ఉంటుంది. ముందుగా వేడి నీళ్ళలో ముంచిన గుడ్డ దాని మీద పది నిమిషాలు ఉంచితే పట్టు సడలుతుంది.

చేతులకి గ్లవుజులు వేసుకో. ఈ ఐసోసయనేట్ కొందరికి ఆయాసం తెప్పిస్తుంది, ఒకసారి పడకపోతే తరవాత కొంచెం తగిలినా పడదు. చర్మానికి అంటితే ఎసిటోన్‌తో కడుక్కోవద్దు. పొడి గుడ్డతో తుడిచి, కొబ్బరినూనె రాసి, సబ్బుతో కడుక్కో. గుడ్డలు, టేపులు, ఖాళీ ట్యూబులు ఇసకలో పూడ్చకండి. మన ఒడ్డుకి ఆలివ్ రిడ్లే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి వస్తాయి, అవి తవ్వేది ఆ ఇసకనే. గుడ్డలు విప్పి పరిచి ఆరబెట్టి, ఊళ్ళోకి తీసుకెళ్ళి చెత్తలో వెయ్యండి. మిగిలిన ట్యూబు ముక్కులోకి ఒక పొడుగాటి స్క్రూ బిగించి, కవర్లో కట్టి పెట్టుకుంటే ఇంకో వారం రెండు వారాలు వస్తుంది. మన తేమకి అంతకు మించి ఆశపడొద్దు.

ముందు ఆ వెదురు బద్ద పని చెయ్యి. తెల్లారి వేలికి అంటిందో లేదో రాస్తే, విప్పాలా వద్దా చెప్తాను. మళ్ళీ సీలెంట్ పెట్టాక ఏడు రోజులు పడవని నీళ్ళలోకి దించకు. ఎనిమిదో రోజు ఒకరిని డెక్కు కింద టార్చితో పడుకోబెట్టి, పైన క్లీట్ల మీద నాలుగు బక్కెట్ల నీళ్ళు నెమ్మదిగా పొయ్యి. నట్టుల దగ్గర చుక్క కనబడకపోతే మీ నాన్నగారికి చెప్పి దించుకోండి.